పత్తి మీద వాతావరణ మార్పు ప్రభావాన్ని మీ ఊళ్లోనే లెక్కగట్టాలంటే

“ఈసారి వాన మంచిగనే పడ్డది గని, పత్తికి పడలే.” 2023 సెప్టెంబరులో మా బాపు గట్టు మీద కూర్చుని అన్న మాట ఇది. ఆ ఏడాది జులై ఆఖరి వారంలో తెలంగాణ మీద కుండపోత కురిసింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. వెంటనే వచ్చిన ఆగస్టు దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్కల్లో ఉన్న ఆగస్టుల్లోకెల్లా పొడిది. రాష్ట్రం సీజన్ మొత్తం చూస్తే లోటే కనబడదు. చేలో మాత్రం జులైలో వేళ్లు నీళ్లలో ఊపిరాడక నిలబడ్డాయి, ఆగస్టులో అదే రేగడి నెర్రెలు పట్టింది.

మాది ఆదిలాబాద్ జిల్లా, బేల మండలం. పెన్‌గంగకు ఇవతల మేము, అవతల మహారాష్ట్ర. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఇంటికి ఐదెకరాల నల్లరేగడి, రెండెకరాల చెల్క (తేలికపాటి ఎర్ర నేల) ఉన్నాయి, రెండింటిలోనూ పత్తే. ప్రాజెక్టు చేయాల్సిన డిగ్రీ పిల్లలు ఏటా ఎవరో ఒకరు ఇంటికొస్తారు. “టీచర్, వాతావరణ మార్పు వల్ల పత్తి దిగుబడి ఎంత తగ్గిందో చెప్పాలి” అంటారు. అందరికీ మొదట చెప్పేది ఒకటే: తగ్గిందని ముందే అనుకుని మొదలుపెట్టకండి. దిగుబడి పక్కన సీజన్ వాన, సగటు ఉష్ణోగ్రత రాసుకుని గీత గీస్తే మా బాపు చెప్పిన సంగతి ఎక్కడా దొరకదు. మొక్క ఏ దశలో ఉన్నప్పుడు ఏం జరిగిందో తెలియాలి. అందుకు చేలోకి దిగక తప్పదు.

కింద రాసేదంతా నేను చేస్తూ నేర్చుకున్న పద్ధతి. ఖర్చు వెయ్యి రూపాయలు దాటదు. కావాల్సింది ఓపిక, రోజూ పొద్దున పది నిమిషాలు.

ముందు ప్రశ్నను చిన్నది చేయండి

“వాతావరణ మార్పు పత్తిని ఎలా దెబ్బతీస్తోంది” అన్న ప్రశ్నకు ఒక మనిషి, ఒక ఊరు జవాబు చెప్పలేరు. ఇలా మార్చుకోండి: “మా ఊళ్లో విత్తే తేదీ గత 30 ఏళ్లలో ముందుకో వెనక్కో జరిగిందా?” “అక్టోబరు, నవంబరు వానలు ఏరే రోజుల్ని ఎంత పాడుచేస్తున్నాయి?” “బెట్ట వస్తే చెల్కలో, రేగడిలో పూత రాలడంలో తేడా ఎంత?” ఇలాంటిది ఒక్కటి చాలు.

ఒక సీజన్‌లో జరిగింది ఆ ఏటి వాతావరణం మాత్రమే. దీర్ఘకాల వాతావరణమే మారిందని చెప్పాలంటే కనీసం 30 ఏళ్ల లెక్క ఉండాలి. ప్రపంచ వాతావరణ సంస్థ సాధారణ సగటును కట్టేది 30 ఏళ్ల మీదే. అందుకే పనిని రెండు భాగాలుగా చూడాలి. వాన ఎలా పడితే, ఎండ ఎలా కాస్తే మొక్క ఏం చేస్తుందో మీ చేలో చూస్తారు. అలాంటి వానలు, ఎండలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్నది పాత రికార్డుల్లో చూస్తారు. మొదటి దానికి రెండు మూడు సీజన్లు చాలు. ఈ రెండూ కలిస్తేనే మాట నిలుస్తుంది.

వానడబ్బా

మండల కేంద్రంలో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం ఉంటుంది, ఆ లెక్కలు వాడుకోవచ్చు. కానీ మా చేనికి, ఆ కేంద్రానికి మధ్య ఎనిమిది కిలోమీటర్ల దూరం. ఆగస్టులో వాన వాగుకు అటు పడి ఇటు పడకపోవడం మేము ఎన్నోసార్లు చూశాం. సొంత డబ్బా పెట్టుకోవాలి.

కొనడానికి డబ్బుల్లేకపోతే ఒక ప్లాస్టిక్ గరాటు, ఒక క్యాన్ చాలు. గరాటు మూతి అడ్డకొలత 15 సెంటీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం సుమారు 177 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరు వానకు క్యాన్‌లో 17.7 మిల్లీలీటర్ల నీళ్లు చేరతాయి. మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజితో కొలవండి. 53 మిల్లీలీటర్లు వస్తే 3 మిల్లీమీటర్ల వాన పడినట్టు. మీ గరాటు కొలత వేరైతే లెక్క మళ్లీ కట్టుకోవాలి.

మొదటి ఏడాది నేను డబ్బాను ఇంటి ముందు వేపచెట్టుకు దగ్గరగా పెట్టాను. సీజన్ అంతా వాన తక్కువే చూపింది. గాలివానలో చెట్టే సగం నీళ్లు ఆపేసిందని పంట చివర్లో గానీ తెలియలేదు. ఆ ఏడాది వాన లెక్క మొత్తం కొట్టేశాను. చెట్టుకైనా గోడకైనా, దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పెట్టండి. క్యాన్‌ను కర్రకు గట్టిగా కట్టండి, లేకపోతే కోతులు వదలవు.

రోజూ పొద్దున 8:30కే కొలవాలి. వాతావరణ శాఖ కొలిచేదీ అప్పుడే, అందుకే మీ అంకె వాళ్ల అంకెతో పోల్చడానికి పనికొస్తుంది. వాన లేని రోజు కూడా సున్నా రాయాలి. గడి ఖాళీగా ఉంటే వాన పడలేదో, మీరు చూడలేదో మరుసటి ఏడాది మీకే తెలియదు. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే వాన రోజు. 64.5 దాటితే భారీ వర్షం. ఈ హద్దులు వాతావరణ శాఖవే, మీ సొంత హద్దులు పెట్టుకోకండి.

పక్కనే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటరు ఉంటే మంచిది. నీడలో, గాలి ఆడే చోట, మనిషి ఛాతీ ఎత్తులో ఉండాలి. రేకుల షెడ్డు కింద పెడితే కొలిచేది రేకు వేడినే.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

మా నోట్‌బుక్‌లో ప్రతి చేనికీ నాలుగు పేజీలు. మొదటి పేజీలో నేల రకం, లోతు, నీటి వసతి ఉందా లేదా, ఏ విత్తనం, కిందటేడు ఏ పంట, ఎన్ని బస్తాల ఎరువు. ఇవి రాయకుండా వాన గురించి మాట్లాడితే ఎవరూ నమ్మరు. ఒక చేలో దిగుబడి తగ్గింది వాన వల్లా, ఎరువు ఆలస్యమైనందుకా అని అడిగితే జవాబుండాలి.

రెండో పేజీలో తేదీలు. దుక్కి, విత్తు, మొలక, పోగుంటలు (మొలవని చోట మళ్లీ గింజ పెట్టడం), మొదటి గూడ (పూమొగ్గ), మొదటి పువ్వు, మొదటి కాయ పగిలిన రోజు, ఒక్కో ఏరుడు. సాధారణంగా విత్తిన 35-40 రోజులకు గూడ కనబడుతుంది. గూడ నుంచి పువ్వుకు మూడు వారాల పైన, పువ్వు నుంచి కాయ పగలడానికి 45-55 రోజులు పడుతుంది. మీ చేలో ఈ రోజుల సంఖ్య ఏటేటా ఎంత మారుతోందో చూడండి. దానికి వేడి లెక్క ఒకటుంది. రోజు గరిష్ఠం, కనిష్ఠం కలిపి రెండుతో భాగించి 15.5 తీసేయండి. 33, 23 డిగ్రీలైతే సగటు 28, మిగిలేది 12.5. విత్తిన రోజు నుంచి ఇలా రోజూ కూడుతూ పోతే, ఎంత వేడి పోగయ్యాక మొదటి పువ్వు వచ్చిందో తెలుస్తుంది. పత్తి తేదీల కన్నా ఈ మొత్తాన్నే ఎక్కువగా పట్టించుకుంటుంది. అందుకే వేడి ఏడాదిలో దశలు ముందుకు జరుగుతాయి. పంట తొందరగా అయిపోయిందంటే బాగా పండిందని కాదు. కాయకు దొరికే రోజులు తగ్గాయని కూడా అర్థం కావచ్చు.

విత్తు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నల్లరేగడిలో 60-75 మిల్లీమీటర్ల వాన పడి, పదును లోపలికి దిగాకే గింజ పెట్టమని సిఫారసు. మా దగ్గర మృగశిర కార్తె వచ్చిందంటే, అంటే జూన్ 8 దాటిందంటే, చేతులు ఆగవు. కొందరు పొడి దుక్కిలోనే పెడతారు. ఒక జల్లు పడి మొలకెత్తాక పది రోజులు వాన మొఖం చాటేస్తే మొలకలు మాడిపోతాయి. మళ్లీ గింజలు కొనాలి, మళ్లీ కూలి. మూడోసారి పెట్టిన వాళ్లనూ చూశాను. చివరికి పంట చేతికొస్తుంది, దిగుబడి లెక్కలో ఒక అంకె నమోదవుతుంది. మూడుసార్లు విత్తిన బాధ ఆ అంకెలో ఉండదు. అందుకే ఎన్నిసార్లు విత్తారు, ఎన్ని ప్యాకెట్లు పోయాయి అన్నది ప్రత్యేకంగా రాయండి. వాతావరణం రైతు మీద వేసే మొదటి దెబ్బ చాలా ఏళ్లలో ఇక్కడే పడుతుంది. ఏ సర్కారు పట్టికలోనూ దానికి గడి నేను చూడలేదు.

మూడో పేజీ మొక్కల లెక్క, దాని గురించి కింద చెబుతాను. నాలుగో పేజీలో ప్రతి ఏరుడుకూ క్వింటాళ్లు, తేమ శాతం, అమ్మిన ధర.

పువ్వుకు దారం కట్టడం

నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. పిల్లలకు కూడా ఇదే నచ్చుతుంది.

పత్తి పువ్వు విచ్చుకున్న రోజు తెల్లగా, మీగడ రంగులో ఉంటుంది. మర్నాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది. అంటే తెల్ల పువ్వు కనబడితే అది ఈ రోజే పుట్టింది. పుట్టిన తేదీ ఇంత కచ్చితంగా చెప్పే మొక్కలు మన చేలలో తక్కువ. వారానికి ఒక రోజు, ఉదాహరణకు ప్రతి బుధవారం, చేలో వంకరటింకరగా నడుస్తూ 50 తెల్ల పువ్వుల కాడలకు ఉన్ని దారం కట్టండి. ఒక్కో వారానికి ఒక్కో రంగు. దారం వదులుగా ఉండాలి, బిగిస్తే మీరే పిందెను చంపినవాళ్లవుతారు. పన్నెండు రోజుల తర్వాత వెళ్లి ఎన్ని పిందెలు నిలిచాయో లెక్కపెట్టండి. పిందె రాలడం ఎక్కువగా ఆ పది పన్నెండు రోజుల్లోనే జరుగుతుంది. 50కి 30 నిలిస్తే 60 శాతం. ఇలా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పది వారాలు చేస్తే పది అంకెలు వస్తాయి. వాటి పక్కన ఆ వారం వాన, ఎండ, ముసురు రోజులు రాయండి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. పత్తి మామూలుగానే తన గూడ, పిందెల్లో సగానికి పైగా రాల్చేసుకుంటుంది. మోయగలిగినంతే ఉంచుకోవడం దాని స్వభావం. కాబట్టి రాలిన ప్రతిదీ వాతావరణం పాపం కాదు. ఒక వారానికి, ఇంకో వారానికి తేడా మాత్రమే చూడాలి. రెండోది, వేడి దెబ్బ వెంటనే కనబడదు. పుప్పొడి తయారయ్యేది పువ్వు విచ్చడానికి సుమారు రెండున్నర, మూడు వారాల ముందు, గూడలో. అప్పుడు ఎండ 35 దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి చెడుతుంది. అందుకే పువ్వు రోజు ఎండతో పాటు మూడు వారాల కిందటి ఎండనూ పక్కన పెట్టి చూడండి. మూడోది పురుగు. రాలిన గూడను పారేయకండి, వేలితో చీల్చండి. లోపల పురుగు గానీ, తిన్న గుర్తు గానీ ఉంటే అది వేరే గడి. పూరేకులు ముడుచుకుని విచ్చుకోని గుడ్డి పూలు కనబడితే గులాబీ రంగు పురుగు లోపల ఉన్నట్టే.

పువ్వులే కాకుండా, పది మొక్కలకు రిబ్బన్లు కట్టి వారం వారం ఎత్తు, కొమ్మలు, గూడ, పువ్వులు, కాయలు లెక్కపెట్టండి. రాలిన చోట కొమ్మ మీద చిన్న మచ్చ మిగులుతుంది, దాన్ని కూడా లెక్కించవచ్చు. గట్టు పక్క మొక్కలు తీసుకోవద్దు. అవి ఎప్పుడూ బలంగా ఉండి లెక్కను తప్పుదారి పట్టిస్తాయి.

ఇంకో గుర్తు: బెట్ట తర్వాత గట్టి వాన పడి, వెంటనే ఎండ కాస్తే ఒకటి రెండు రోజుల్లో మొక్కలు అక్కడక్కడా వడలిపోతాయి. పక్క మొక్క బాగానే ఉంటుంది. దీన్ని చాలామంది తెగులు అనుకుంటారు. కాండం చీల్చి చూడండి. లోపల గోధుమ రంగు చార లేకపోతే అది వడలు తెగులు కాదు, ఒక్కసారిగా నిండిన నీళ్లకు వేరు తట్టుకోలేకపోవడం. వ్యవసాయ శాస్త్రవేత్తలు దీన్ని పారావిల్ట్ అంటారు. బెట్టలు, కుండపోతలు పక్కపక్కనే వచ్చే ఏడాది దీని లెక్క తప్పకుండా రాయండి.

పోల్చడానికి ఒక జోడీ

ఒక్క చేను చూస్తే కథ అవుతుంది, పోల్చితేనే చదువు అవుతుంది. మేము ఒకే విత్తనాన్ని ఒకే రోజు చెల్కలో, రేగడిలో పెట్టి చూశాం. పది రోజులు వాన లేకపోతే చెల్కలో మధ్యాహ్నానికి ఆకులు వేలాడేవి, లోతైన రేగడిలో మొక్క పదిహేను రోజుల దాకా నిబ్బరంగా ఉండేది. అదే ముసురు పట్టి వారం నీళ్లు నిలిస్తే రేగడి మొక్క పసుపెక్కేది, చెల్క మొక్క పచ్చగా ఉండేది. అప్పటి నుంచి “పత్తి వానను తట్టుకుంటుందా” అని ఎవరు అడిగినా, ఏ నేలలో అని తిరిగి అడుగుతున్నాను.

వీలుంటే ఒకే చేలో నాలుగేసి సాళ్లు పదిహేను రోజుల తేడాతో మూడుసార్లు విత్తండి. ఒకే ఏడాదిలో, ఒకే నేల మీద, పూత మూడు వేర్వేరు వాతావరణాల్లో వస్తుంది. మూడేళ్లు ఎదురుచూడాల్సిన సంగతి ఒక సీజన్‌లో కొంతైనా తెలుస్తుంది. ఆలస్యంగా విత్తిన సాళ్లలో కాయలు డిసెంబరు చలిలో సరిగ్గా పగలవు. మా ఆదిలాబాద్ చలి గురించి తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఆకులు ఎర్రబారడం కూడా ఆ సాళ్లలో ముందే కనబడుతుంది.

ఏరే ఆడవాళ్లను అడగండి

సర్వే కాగితం పట్టుకుని వచ్చినవాళ్లు ఎక్కువగా మగరైతు దగ్గర కూర్చుంటారు. విత్తనం ధర, మందు ధర ఆయన చెబుతాడు. కానీ కాయ ఎలా పగిలింది, దూది ఎంత తడిసింది, ఏ కాయ గట్టిపడి వేలికి రాలేదు, ఇవి ఏరే ఆడవాళ్లకు తెలుస్తాయి. వాళ్లకు కూలి కిలో లెక్కన ఇస్తారు కాబట్టి ఏ రోజు ఎన్ని కిలోలు వచ్చాయో మర్చిపోరు.

“వాతావరణం మారిందా” అని మాత్రం అడగకండి. అందరూ మారిందనే అంటారు, దాంతో మీకేమీ రాదు. పండుగలు పట్టుకుని అడగండి. “పెద్దమ్మా, పొలాల పండుగకు చేను ఎంత ఎత్తుండేది?” “దసరాకు ఒక ఏరుడు అయ్యేదా?” “నాగోబా జాతర నాటికి చేలో ఇంకా పత్తి ఉండేదా?” “నీ పెళ్లయిన కొత్తలో ఎన్నిసార్లు ఏరేవాళ్లు?” కార్తెల పేర్లు కూడా పనికొస్తాయి. ఇంగ్లిష్ నెల చెప్పలేని ముసలవ్వ “ఆరుద్రల పెట్టినం, మఖల ఎండింది” అని కచ్చితంగా చెబుతుంది. ఆరుద్ర అంటే జూన్ 22 నుంచి, మఖ అంటే ఆగస్టు 17 ప్రాంతం నుంచి. పండుగ తేదీ ఏటేటా మారుతుంది కాబట్టి ఆ ఏటి పంచాంగం చూసి మార్చుకోండి. కార్తె తేదీ దాదాపు మారదు.

జ్ఞాపకం తప్పు కావచ్చు. చెప్పిన ఏడాదిని వాన రికార్డుతో సరిచూడండి. 2009, 2015 కరువులు అందరికీ గుర్తుంటాయి, వాటిని గుర్తురాళ్లుగా పెట్టుకుని ముందు వెనకలు అడగండి. చెప్పినవాళ్ల పేర్లు నోట్‌బుక్‌లో కూడా రాయకండి, గుర్తుకు ఒక నంబరు చాలు. అప్పుల సంగతి, నష్టం సంగతి మీతో పంచుకుంటారు. అది ఊళ్లో తిరగకూడదు.

పాత లెక్కలు ఎక్కడ, ఎలా

భారత వాతావరణ శాఖ పుణె కార్యాలయం దేశాన్ని గళ్లుగా చేసి రోజువారీ వాన లెక్కను 1901 నుంచి, ఉష్ణోగ్రతను 1951 నుంచి ఉచితంగా ఇస్తుంది. వాన గడి పావు డిగ్రీ, అంటే సుమారు 27 కిలోమీటర్ల చదరం. జిల్లాల వారీ పంట విస్తీర్ణం, దిగుబడి 1966 నుంచి మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ డేటాబేస్‌లో ఉన్నాయి. మెట్ట సేద్యం మీద పనిచేసే హైదరాబాద్‌లోని క్రిడా, పత్తి మీద నాగ్‌పూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ వేసే పుస్తకాలు తప్పక చదవండి. మన రెండు రాష్ట్రాల్లో ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు లాం, నంద్యాల పరిశోధన కేంద్రాల వాళ్లు అడిగితే ఓపికగా చెబుతారు.

ఇక్కడ పిల్లలు పడే గోతులు రెండు. ఒకటి జిల్లా. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు “ఆదిలాబాద్” అంటే ఇప్పటి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ నాలుగూ. ఒక అమ్మాయి 2012 ఆదిలాబాద్‌ను 2018 ఆదిలాబాద్‌తో పోల్చి పత్తి విస్తీర్ణం కుప్పకూలిందని రాసుకొచ్చింది. చాలా కష్టపడి చేసిన పని, మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది. నాలుగు జిల్లాలనూ కలిపి పాత ఆదిలాబాద్ చేసుకుంటే సరిపోతుంది.

రెండోది దూది, గింజ పత్తి తేడా. రైతు చెప్పేది ఎకరానికి ఎన్ని క్వింటాళ్ల గింజ పత్తి అని. సర్కారు పట్టికలో ఉండేది హెక్టారుకు ఎన్ని కిలోల దూది అని, లేదా 170 కిలోల బేళ్లలో. గింజ పత్తిలో దూది సుమారు మూడో వంతు. ఎకరానికి 10 క్వింటాళ్ల గింజ పత్తి అంటే 34 శాతం చొప్పున 340 కిలోల దూది, హెక్టారుకు దాదాపు 840 కిలోలు. ఈ మార్పు చేయకుండా రెండింటినీ ఒకే గ్రాఫ్‌లో పెట్టిన రిపోర్టులు చూశాను.

మొత్తం ఉత్పత్తిని కూడా నమ్మకండి. ధర బాగుంటే విస్తీర్ణం పెరుగుతుంది, పెరిగిన భూమిలో సారం తక్కువ నేలలూ ఉంటాయి, సగటు దిగుబడి తగ్గుతుంది. అది వాన పని కాదు. పురుగును తట్టుకునేలా జన్యువు చేర్చిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువుల రకం 2006లో వచ్చింది. తర్వాతి పదేళ్లలో గులాబీ రంగు పురుగు దానికి తట్టుకోవడం నేర్చింది. ఈ రెండు మలుపులనూ గ్రాఫ్ మీద గీతలుగా గీసుకున్నాకే మిగతాది చూడండి.

రోజువారీ వాన నుంచి ఏడాదికి నాలుగే అంకెలు తీయండి: జూన్ 1 నుంచి కూడుతూ పోతే 60 మిల్లీమీటర్లు నిండిన తేదీ, జులై-ఆగస్టుల్లో అన్నిటికన్నా పొడవైన బెట్ట, సీజన్‌లో 64.5 దాటిన రోజులు, అక్టోబరు 10 నుంచి నవంబరు 30 దాకా వాన రోజులు. ఎక్సెల్‌లో దిగుబడికి ట్రెండ్ గీత గీసి, ఏ ఏడాది ఆ గీతకు ఎంత పైన, ఎంత కింద ఉందో తీసుకోండి. ఆ తేడాను నాలుగు అంకెలతో పోల్చండి. చూడకముందే ఏది ముఖ్యమనుకుంటున్నారో కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇరవై ఏళ్ల దిగుబడికి నలభై రకాల వాతావరణ అంకెలు జోడిస్తే, ఏదో ఒకటి ఊరికే కుదిరిపోతుంది. అది దొరికిందని సంబరపడితే మోసపోయినట్టే.

రాబోయే కాలం గురించి చెప్పే పంట నమూనాలు ఉన్నాయి. డీశాట్, ఆక్వాక్రాప్ లాంటివి ఉచితమే. ఎంఎస్సీ స్థాయి వాళ్లకు మంచివి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పత్తికి కొంత మేలే జరుగుతుందన్న సంగతి కూడా దాచకండి. అమెరికాలోని అరిజోనాలో, మారికోపా దగ్గర 1989-91లో ఆరుబయట చేలోకే ఆ వాయువు వదిలి చూస్తే దిగుబడి బాగా పెరిగింది. అయితే అక్కడ మొక్కకు నీళ్లు పెట్టి పెంచారు. మా చేనికి ఆకాశమే ఆధారం. ఆ మేలు మా ఆగస్టు బెట్టలో ఎంత మిగులుతుందన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

తడిసిన పత్తి

దిగుబడి తగ్గకుండానే రైతు నష్టపోయే దారి ఇది. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు వరంగల్ వైపు పగిలిన పత్తి చేలోనే తడిసింది. తూకంలో తడిసిన పత్తి ఇంకా ఎక్కువే తూగుతుంది. కానీ కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనుగోలులో తేమ 8 శాతం దాకానే పూర్తి మద్దతు ధర, అక్కడి నుంచి 12 దాకా కోత, 12 దాటితే తీసుకోరు. రంగు మారిన దూదికి బయట ధర సగానికీ పడొచ్చు. దిగుబడి పట్టికలో ఇదేమీ రాదు. అందుకే నాలుగో పేజీలో తేమ, ధర రాయమన్నాను. ప్రతి ఏరుడుకూ వచ్చిన డబ్బును, ఆ రోజు పూర్తి మద్దతు ధరకు రావాల్సిన డబ్బుతో పోల్చండి. ఆ తేడాలో తేమ కోత ఎంతో విడిగా తీస్తే వాన తీసుకెళ్లింది దొరుకుతుంది. అయితే మంచు కూడా తేమ పెంచుతుంది. తెల్లవారుజామున ఏరిన పత్తినీ, ఎండెక్కాక ఏరిన పత్తినీ వేరువేరుగా రాయాలి.

రాసినదాన్ని ఊరికి తిరిగి ఇవ్వడం

పంట అయ్యాక జనవరిలో ఒక సాయంత్రం మా వాకిట్లో చేటంత కాగితం మీద గ్రాఫ్ గీసి అంటిస్తాను. అడ్డంగా కార్తెలు, నిలువుగా వాన, పైన దారాల రంగులతోనే చుక్కలు. లెక్కలిచ్చిన వాళ్లందరినీ పిలుస్తాను. తప్పులు అక్కడే బయటపడతాయి. కిందటిసారి పుబ్బ కార్తెలో పూత రాలిన వారాన్ని నేను ముసురు ఖాతాలో వేశాను. ఒక అత్త లేచి, “ఆ వారం మీ బాపు గుంటుక లోతుగా తోలిండు, వేర్లు తెగినయి” అంది. గుంటుక అంటే సాళ్ల మధ్య కలుపు తీసే పనిముట్టు. బాపును అడిగితే అవునన్నాడు. ఆ చుక్క మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, మా చెల్క చేను లెక్కలోంచి ఆ వారాన్ని తీసేశాను. ఈ ఏడాది నుంచి నోట్‌బుక్‌లో గుంటుక తోలిన తేదీకి కూడా ఒక గడి పెట్టుకున్నాను.